ఇంటికి ముగ్గు ఎవరు పోస్తారు?

మైలవరంలో మా ఇల్లు కట్టింది 1992లో. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో తాతగారి నాటి పెంకుటిల్లు తీసేసి, అదే స్థలంలో డాబా వేశారు. పునాదులు తియ్యడానికి ముందు మేస్త్రి తాడు లాగి, నేల మీద సున్నంతో గీతలు గీశాడు. దాన్ని కూడా ముగ్గు పొయ్యడమనే అంటారు. ముప్పై ఏళ్లపాటు తెల్లారకముందే లేచి అదే వాకిట్లో ముగ్గేసిన మా అమ్మ, ఆ రోజు పక్కింటి గోడ దగ్గర నిలబడి చూసింది. ఇంటికి పోసే ముగ్గు ఆడవాళ్ల పని కాదు.

అంతకుముందు రెండు నెలలు ప్లాను కాగితం ఊరంతా తిరిగింది. పెదనాన్న చూశాడు, మేనమామ చూశాడు, నాన్నతో పనిచేసిన మాస్టార్లు చూశారు. అందరూ తలా ఒక మార్పు చెప్పారు. చివరికి సిద్ధాంతిగారు చూసి అంతా సరిచేశారు. మాది తూర్పు వాకిలి. ఆగ్నేయంలో వంటిల్లు పెడితే అది వీధివైపు వస్తుంది. అంట్లు తోమే చోటు, రుబ్బురోలు, బట్టలుతికే బండ పడమటి దొడ్లో. "ఏమండీ, వంటిల్లు వెనకవైపు వాయవ్యంలో పెట్టుకోకూడదా? అంట్లకి దగ్గరగా ఉంటుంది" అని అమ్మ ఒకే ఒక్కసారి అడిగింది. ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యం పరవాలేదని వాస్తు చెప్పేవాళ్లే ఒప్పుకుంటారు. "కుదురుతుంటే ఎందుకు మార్చాలి?" అన్నారు సిద్ధాంతిగారు. ఆ మాటతో అది ముగిసిపోయింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు అమ్మ ఇల్లంతా దాటి అంట్లు మోసింది. వంటింటి నుంచి దొడ్డిగడప దాకా ఇరవై రెండు అడుగులు. నేను లెక్కపెట్టాను.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు మనవాళ్లు. ఇల్లు కట్టేటప్పుడు ఇల్లాలిని అడగమని మాత్రం ఏ సామెతా చెప్పినట్టు లేదు. ఎందుకని?

శాస్త్రం దగ్గరికే వెళ్దాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇళ్ల కొలతలు చెప్పాడు. రాజుకింత, సేనాపతికింత, మంత్రికింత, నాలుగు వర్ణాలకూ ఎవరికింత అని పొడవు వెడల్పులు వరసగా తగ్గుతూ వస్తాయి. అంటే ఇంటి కొలత యజమాని హోదాని బట్టి వచ్చింది. అందులో పొద్దంతా పనిచేసే మనిషి నడకని బట్టి రాలేదు. కృష్ణా డెల్టాలో కాస్త కలిగినవాళ్లు కట్టుకున్న మండువా లోగిళ్లు కూడా ఆ లెక్కలోవే. వీధి అరుగు మగవాళ్లది, సావిడి వచ్చేపోయే వాళ్లది. వంటిల్లు, వెనక వసారా, దొడ్డి ఆడవాళ్లవి. బయట చేరిన మూడురోజులూ కూర్చునే చోటు కూడా ఆ వెనకే. ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలో, ఎవరు దొడ్డిదారిన మాత్రమే రావాలో కులం నిర్ణయించింది. ఆ లోగిళ్ల అందం గురించి చాలామంది ముచ్చటపడి రాశారు. నడివాన మండువాలో పడుతుంటే చూడటం నిజంగానే బాగుంటుంది. ఆ తడి తుడిచేదెవరన్నది వేరే ప్రశ్న.

ప్లాను మీద ఆడవాళ్ల అభిప్రాయం అడగడం అన్నది చరిత్రలో అసలే జరగలేదా? జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, బ్రిటన్ ప్రభుత్వం కార్మికులకు కట్టబోయే ఇళ్ల ప్లాన్లు చూడమని పూర్తిగా స్త్రీలతోనే ఒక ఉపసంఘం వేసింది. ఆ సభ్యులు ఇళ్లకు వెళ్లి చూశారు, కార్మిక స్త్రీలని అడిగారు. ఆ స్త్రీలు అడిగినవాటిలో స్నానాల గది ఉంది, వేణ్నీళ్లున్నాయి. వంటావార్పూ జరగని గది ఒకటి విడిగా కావాలన్న కోరిక కూడా ఉంది. ఆ చివరి కోరిక చదివినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది.

1940లో జర్మన్ బాంబులకు కూలిపోయిన రోటర్‌డామ్ నగరాన్ని తిరిగి కట్టేటప్పుడు, 1946లో, అక్కడి స్త్రీలు ఇళ్ల నిర్మాణం మీద ఒక సలహాసంఘం పెట్టుకున్నారు. ఇల్లు కట్టకముందే, కాగితం మీద ఉండగానే, అందులో బతకబోయేవాళ్లుగా ప్లాను చూసి తప్పొప్పులు చెప్పడం దాని పని. తర్వాత నెదర్లాండ్స్‌లో చాలా ఊళ్లలో అలాంటి సంఘాలు వచ్చాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1926లో మార్గరెట్ షుట్టె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్లకోసం చిన్న వంటగది తయారుచేసింది. అందులో వండే మనిషి అడుగులు లెక్కగట్టి అలమర్లూ పొయ్యీ అమర్చింది. ఈనాటి మన ఫ్లాట్లలోని గట్టు కిచెన్లకు అది పూర్వీకురాలు. అయితే అది గీసేనాటికి తనకి వంట చెయ్యడమే తెలియదని ఆమే తర్వాత చెప్పుకుంది. ఆ వంటగది ఒక్క మనిషికే సరిపోయేంత ఇరుకు. చాకిరీ తగ్గిందేమో గానీ, పంచుకోవడానికి రెండో మనిషికి చోటు లేకుండా పోయింది. గీసేది స్త్రీ అయితే సరిపోతుందా, వాడేవాళ్లని అడగాలా? రెండూ ఒకటి కావు.

మన రాష్ట్రానికి వద్దాం. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేశాక, పేదల ఇళ్లు గాలికీ నీటికీ నిలవాలన్న మాట గట్టిగా వినిపించింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు స్త్రీ పేరున గానీ భార్యాభర్తలిద్దరి పేరున గానీ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. 2020 డిసెంబరు 25 నుంచి రాష్ట్రమంతటా స్త్రీల పేరునే ఇళ్లస్థలాల పట్టాలిచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే డెబ్బై రెండు గజాల పైచిలుకు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు.

పట్టా మీద ఆడవాళ్ల పేరుండటం చిన్న సంగతి కాదు. తాగి కొట్టే మొగుణ్ణి "ఇది నా ఇల్లు" అనగలిగిన ఆడవాళ్లని నేను చూశాను. 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు స్త్రీలకే ఇవ్వడాన్నీ, స్థలం మరీ చిన్నదవడాన్నీ రెండింటినీ తప్పుపట్టింది. ఆ ఏడాది చివర్లో డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది. 2025లో వచ్చిన కొత్త ప్రభుత్వ విధానంలో స్థలం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అయింది. ఈ వాదమంతా స్థలం ఎంత, ఎవరి పేరున అన్నదాని చుట్టూనే తిరిగింది. పొయ్యి ఎక్కడ, మరుగుదొడ్డి తలుపు ఎటు, అంట్లెక్కడ తోమాలి అన్న ప్రశ్నలకి అందులో చోటు దొరకలేదు.

పెరటి సంగతి సరేసరి. పెంకుటింటి దొడ్లో మా అమ్మకి కరివేపాకు, మునగ, రెండు అరటిపిలకలు, పందిరి మీద దొండ, గోడవారన బచ్చలి ఉండేవి. చేతిలో చిల్లరలేని రోజు కూర ఆ పెరడే పెట్టేది. పక్కింటావిడతో కష్టం చెప్పుకున్నది కూడా దొడ్డిగోడ దగ్గరే. ప్లానులో దాన్ని "ఖాళీ స్థలం" అని రాశారు. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు కదా, పెరట్లో ఉండే మనిషి మాట కూడా అంతే.

అమ్మ 2020లో పోయింది. ఈమధ్య తమ్ముడు ఇంటిని బాగుచేయిస్తానంటూ కొత్త ప్లాను నాకు ఫోన్లో పంపాడు. "చూసి ఏదైనా ఉంటే చెప్పక్కా" అన్నాడు. అడిగినందుకు సంతోషమేసింది. వంటిల్లు వెనక్కి మార్చమని రాద్దామనుకున్నాను. అప్పుడు దొడ్లో గిన్నెల చప్పుడు వినపడింది. పదహారేళ్లుగా మా ఇంట్లో అంట్లు తోముతున్నావిడ. ఇరవై రెండడుగుల గురించి ఇన్నాళ్లు బాధపడ్డాను గానీ, ఆ అడుగుల చివర కూర్చునే మనిషిని అమ్మా అడగలేదు, నేనూ అడగలేదు.

ఫోను తీసుకెళ్లి చూపించాను. గీతలు అర్థంకాక, నన్నే వేలుతో చూపించమంది. కారుషెడ్డు ఎక్కడో చూపించాను.

"అక్కడ మునగచెట్టుంది కదమ్మా. కొట్టేస్తారా? మధ్యాన్నం అంట్లు దాని నీడలోనే తోముతున్నా. అది పోతే ఎండలో కూచోవాల. ఆ కుళాయి ఒక్క మూరెడు పైకి లేపిస్తే నిలబడి తోముకుంటా, మోకాళ్లు పట్టేస్తన్నాయి" అంది.

తమ్ముడికి ఫోను చేసి ఆ రెండూ చెప్పాను.

"అదేంటక్కా, ప్లాను పనావిడకి చూపించావా?" అన్నాడు.

"చూపించాన్రా. అమ్మకి చూపించలేదు కదా మనం" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కుళాయి ఎంత ఎత్తుండాలందో సరిగ్గా కొలిచి చెప్పు" అన్నాడు.