ఇంటికి ఫొటో ప్రింటర్: ధర కన్నా ముందు చూడవలసినవి

ఇంట్లో వాడుకునేందుకు ఫొటో ప్రింటర్ కొనదలచినవారు దుకాణంలో తొలుత అడిగేది ధర. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది: నెలకు ఎన్ని ఫొటోలు ముద్రిస్తారు, ఎంత తరచుగా ముద్రిస్తారు? బారసాలకో, గృహప్రవేశానికో కొన్న ప్రింటర్ ఆరు నెలలు మూలన పడి ఉండి, మళ్లీ అవసరమైననాడు ముఖాల మీద చారలు ముద్రించడం చాలా ఇళ్లలో జరిగేదే.

కారణం ఇంక్‌జెట్ యంత్రం పనిచేసే తీరులోనే ఉంది. కంటికి ఆనని సన్నని రంధ్రాల గుండా సిరా బిందువులు కాగితంపై పడతాయి. వాడకం లేకపోతే ఆ రంధ్రాల వద్ద సిరా ఎండి దారి మూసుకుపోతుంది. పొడిగాలి వీచే వేసవిలో ఈ బెడద ఎక్కువ. శుభ్రపరిచే ఆదేశం ఇచ్చినప్పుడల్లా యంత్రం కొంత సిరాను లోపలి స్పాంజిలోకి వదిలివేస్తుంది. అంటే ఒక్క ఫొటో రాకుండానే సిరా ఖర్చవుతుంది. వారానికి ఒక్క రంగుల పేజీ ముద్రించడమే దీనికి తేలికైన విరుగుడు. ప్రింటర్‌ను గోడ స్విచ్‌తో కాక, దాని సొంత బటన్‌తోనే ఆపాలి. అప్పుడే ప్రింట్ హెడ్ తన స్థానానికి చేరి మూతపడుతుంది.

ఇంక్‌జెట్‌లో కార్ట్‌రిడ్జ్ రకం, ట్యాంకు రకం ఉన్నాయి. కార్ట్‌రిడ్జ్ యంత్రం చవకగా దొరికినా, సిరా ఖరీదు త్వరలోనే దాని ధరను దాటవచ్చు. అయితే కొన్నింటిలో ప్రింట్ హెడ్ కార్ట్‌రిడ్జ్‌లోనే ఉంటుంది కనుక, సిరా ఎండినా కొత్తది వేస్తే సరిపోతుంది. ట్యాంకు ప్రింటర్‌కు మొదట ఎక్కువ చెల్లించాలి, సిరా మాత్రం చవక. పెట్టెపై రాసే పేజీల సంఖ్యను చూసి ఫొటోల ఖర్చు లెక్కకట్టరాదు. ఆ సంఖ్య సాధారణంగా కార్యాలయ పత్రాల వంటి పేజీలతో కొలిచినది. కాగితమంతా రంగు నిండే ఫొటోకు సిరా అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది.

సాధారణ ట్యాంకు ప్రింటర్లలో నాలుగు రంగులే ఉంటాయి. పిల్లల పాఠాలకూ అప్పుడప్పుడు ఫొటోలకూ అవి చాలు. ముఖవర్ణంలోని సున్నితమైన ఛాయలు కావాలంటే ఆరు రంగులవి మేలు. ఎప్సన్ ఎల్8050లో లేత నీలం, లేత గులాబీ సిరాలు అదనం. కెనన్ జి570లో ఎరుపు, బూడిద రంగులు అదనం. లేజర్ ప్రింటర్ పత్రాలకు మంచిదే కానీ ఫొటోలకు తగినది కాదు.

అరుదుగా ముద్రించేవారికి డై సబ్లిమేషన్ పద్ధతి అనువైనది. కెనన్ సెల్ఫీ శ్రేణి ఈ కోవలోనిదే. రిబ్బన్‌పై ఉన్న పసుపు, గులాబీ, నీలం రంగులు వేడికి ఒక్కొక్కటిగా కాగితంపైకి చేరతాయి. చివర రక్షణ పొర పడుతుంది. ఇందులో ఎండిపోయే సిరా లేదు. కాగితం, రిబ్బన్ కలిపి లెక్కప్రకారం అమ్ముతారు కాబట్టి ఒక్కో ఫొటో ఖర్చు ముందే తెలుస్తుంది. అయితే వీటిలో ఎక్కువ భాగం పోస్టుకార్డు పరిమాణానికే పరిమితం. వాడిన రిబ్బన్‌పై మన బొమ్మల ఛాయలు మిగిలిపోతాయి కనుక పారవేసే ముందు కత్తిరించడం మంచిది.

ఏడాదికి రెండుమూడు సార్లు, అదీ పండుగలకే ముద్రించేవారు ఏ యంత్రమూ కొనకపోవడమే లాభం. వీధి చివరి స్టూడియోలో ఆ పని తక్కువ ఖర్చుతో, ఎక్కువ నాణ్యతతో అవుతుంది.

యంత్రంపై వేసే నిందల్లో చాలావరకు కాగితానికి చెందవలసినవి. నిగనిగలాడే ఫొటో కాగితం పెట్టి, కంప్యూటర్‌లో సాధారణ కాగితమని ఎంచుకుంటే రంగులు పాలిపోతాయి. మన్నిక విషయానికొస్తే, డై సిరా రంగులు కాంతివంతంగా ఉన్నా వెలుతురుకూ గాలికీ త్వరగా వెలుస్తాయి. పిగ్మెంట్ సిరా ఎక్కువకాలం నిలుస్తుంది. తాతయ్య ఫొటోను గోడకు తగిలించాలనుకుంటే ఈ తేడా ముఖ్యం. ముద్రించిన దానిని ఒక రోజు ఆరనిచ్చి, అద్దానికి అంటుకోకుండా మధ్య అట్ట అంచు ఉంచి, ఎండ పడని గోడకు తగిలించాలి.

ఫైలు కూడా సరైనదై ఉండాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 4×6 అంగుళాల ఫొటోకు 1,200×1,800 పిక్సెళ్లు కావాలి. ఏ4 కాగితానికి దాదాపు 2,480×3,508 పిక్సెళ్లు అవసరం. వాట్సాప్‌లో మామూలుగా వచ్చే ఫొటో కుదించినది; చిన్న ముద్రణకు సరిపోవచ్చు గానీ పెద్దది చేస్తే మసకబారుతుంది. పంపేవారిని అసలు ఫైలునే డాక్యుమెంట్ రూపంలో పంపమని అడగాలి.