శునకాల దంతధావనం

1970ల తొలినాళ్ళలో స్వీడన్‌లో కొన్ని బీగిల్ కుక్కలకు రోజూ రెండు పూటలా పళ్ళు తోమేవారు. వారం పది రోజులు కాదు, ఏకంగా నాలుగేళ్ళు. అవేమీ ఎవరి ఒళ్ళోనో గారాలు పోయే కుక్కలు కావు, దంతవైద్య పరిశోధన కోసం పెంచినవి. తోమేవాళ్ళ ధ్యాస కూడా కుక్క నోటి శుభ్రత మీద లేదు. మనిషి చిగుళ్ళు ఎందుకు పాడవుతాయో తేల్చడానికి పడిన పాట్లవి. ఇవాళ హైదరాబాద్, విజయవాడ పెట్ షాపుల్లో వేలాడే వేలితొడుగు బ్రష్షు, కోడిమాంసం రుచి పేస్టు ఎక్కడినుంచి వచ్చాయని ఆరా తీస్తే ఒక దారి ఆ బీగిళ్ళ దగ్గరికే వెళ్తుంది. ఇంకో దారి అంతకు నూరేళ్ళ ముందటి లండన్ రేవుకు పోతుంది.

అంతకుముందు మనిషి కుక్క నోట్లోకి చూడలేదని కాదు. చూశాడు, వయసు లెక్కగట్టడానికి. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన జంతువుల గ్రంథంలో ఈ సంగతి రాశాడు. పళ్ళు తెల్లగా, వాడిగా ఉంటే పడుచు కుక్క, నల్లబడి అరిగిపోతే ముసలిది అన్నాడు. ఆ నలుపును గీకి పారేయవచ్చన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. కుక్కకు పాలపళ్ళు ఊడతాయా లేదా అన్న దగ్గరే అప్పట్లో ఏకాభిప్రాయం లేదు. అసలు ఊడనే ఊడవని కొందరు, కోరపళ్ళు మాత్రమే ఊడతాయని కొందరు అనేవారట. నిజానికి 28 పాలపళ్ళూ ఊడిపోయి, ఏడు నెలలు వచ్చేసరికి 42 పళ్ళు వస్తాయి. ఊడిన పన్నును కుక్కపిల్ల చాలాసార్లు తిండితోపాటే మింగేస్తుంది కాబట్టి కంటపడక ఈ అపోహ పుట్టి ఉంటుంది.

పళ్ళ విషయంలో కుక్క కంటే గుర్రం నయం. బేరం పెట్టేవాడు ముందు దాని నోరు తెరిచి చూసేవాడు కదా! అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇంట పెరిగిన ఆయన భార్య మనవడు జ్ఞాపకాలు రాస్తూ, తాతగారి తెల్ల గుర్రాలకు పొద్దున్నే నోళ్ళు కడిగి, పళ్ళు శుభ్రం చేసేవారని చెప్పాడు. అదే ఇంట వేట కుక్కలూ ఉండేవి. వాటి పళ్ళ ఊసు మాత్రం లేదు.

దీనికి కారణం వెతకడం కష్టం కాదు. కుక్క వాకిట్లో ఉన్నంతకాలం దాని నోటి కంపు ఎవరికీ పట్టలేదు. ఊరకుక్కకూ తోడేలుకూ పళ్ళ జబ్బులు రావనుకుంటే పొరపాటే. వాటికీ పళ్ళు విరుగుతాయి, చిగుళ్ళు చెడతాయి. కాకపోతే ఎవరూ దగ్గరగా చూడరు, అవీ ఎక్కువ కాలం బతకవు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో కుక్క సోఫా ఎక్కడంతో కథ మారింది. గుర్రం నోటి మీద 1849లోనే పుస్తకం వేసిన ఎడ్వర్డ్ మేహ్యూ అనే పశువైద్యుడు 1854లో కుక్కల పోషణ మీద మరో పుస్తకం రాసి, అందులో నోటినీ పళ్ళనూ ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. 1859లో న్యూకాజిల్‌లో కుక్కల పోటీ జరిగింది. ఇలాంటి పోటీలు పెరిగేకొద్దీ న్యాయనిర్ణేత పెదవి పైకెత్తి పలువరస చూడటం రివాజైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని సిన్సినాటి నుంచి జేమ్స్ స్ప్రాట్ అనే వ్యాపారి లండన్‌లో దిగాడు. వచ్చింది పిడుగుల నుంచి ఇళ్ళను కాపాడే లోహపు కడ్డీలు అమ్ముకోవడానికి. రేవులో నావికులు పారేసిన గట్టి ఓడ బిస్కెట్లను కుక్కలు ఎగబడి తినడం చూసి అతనికి బుర్ర వెలిగిందని చెబుతారు. గోధుమ పిండి, కూరగాయలు, బీట్‌రూట్, ఎండు మాంసం కలిపి 1860 ప్రాంతంలో కుక్క బిస్కెట్టు తయారుచేశాడు. ఆ కంపెనీలో చిన్న ఉద్యోగిగా చేరిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరిట పెట్టిన కుక్కల ప్రదర్శన ఇప్పటికీ జరుగుతూనే ఉంది. 1908లో న్యూయార్క్ బెన్నెట్ బిస్కెట్ కంపెనీ ఎముక ఆకారంలో చేసిన బిస్కెట్టు తర్వాత మిల్క్‌బోన్ పేరుతో స్థిరపడింది. 1931లో దాన్ని నబిస్కో కొనేసింది. కొరికితే పళ్ళు శుభ్రపడతాయి, నోటి వాసన పోతుంది అన్న ప్రచారం ఆ తర్వాత జోరందుకుంది.

ఈ ప్రచారం ఎందుకు పారిందో ఊహించవచ్చు. పని యజమానిది కాదు, కుక్కది. బిస్కెట్టు విసిరేస్తే చాలు, చెయ్యి నోట్లో పెట్టే పని లేదు. అయితే మామూలు బిస్కెట్టు పంటి మొన తగలగానే పొడైపోతుంది. పాచి పేరుకునేదేమో చిగురు అంచున. అక్కడిదాకా అది చేరదు.

బ్రష్షు సంగతి వేరు. చైనాలో పంది వెంట్రుకలతో మొదలైన పళ్ళ కుంచె యూరప్ చేరి, 1938లో డ్యుపాంట్ కంపెనీ నైలాన్ పోగులతో చవకైంది. అయినా అది ఎందుకు పనిచేస్తుందన్నది అనుమానంగానే మిగిలింది. చిగుళ్ళ జబ్బుకు కారణం పాచా, గారా, వయసా, వంశమా అని దంతవైద్యులు వాదించుకునేవారు.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లోయ్ బృందం ఈ తగువు తేల్చడానికి తేలికైన ఉపాయం పన్నింది. పన్నెండు మందిని పళ్ళు తోమడం మానేయమన్నారు. వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే దాదాపు వారంలో మామూలయ్యాయి. పాచే దోషి అని తేలిపోయింది. అదే ఏడాది స్వీడన్‌లో ఎగెల్‌బర్గ్ అనే పరిశోధకుడు కుక్కలకు గట్టి తిండి, మెత్తటి తిండి పెట్టి చూశాడు. మెత్తటిది తిన్న రోజుల్లో పాచి బాగా పట్టింది, చిగుళ్ళు ఎర్రబడ్డాయి. పాలన్నం, పెరుగన్నం పెట్టి కుక్కను పెంచే తెలుగు ఇళ్ళు గుర్తుంచుకోవలసిన ఫలితం ఇది.

తర్వాతి ప్రశ్న మరింత కఠినమైనది. వాచిన చిగుళ్ళను ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే పన్నును పట్టి ఉంచే ఎముక కూడా కరుగుతుందా? విద్యార్థులను అన్నాళ్ళు పాచి నోళ్ళతో ఉంచడం కుదరదు. అందుకని బీగిళ్ళను ఎంచుకున్నారు. సాధు స్వభావం, ఎత్తుకుని పట్టుకోవడానికి వీలైన ఒడ్డూ పొడవూ, మనిషికి వచ్చేలాంటి చిగుళ్ళ జబ్బే రావడం, ఇవన్నీ కలిసొచ్చాయి. యాన్ లిండె, హాంప్, లోయ్ కలిసి ముందు అన్ని కుక్కల పళ్ళూ గీకి, మెరుగుపెట్టి, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండేట్టు చూశారు. అక్కడినుంచి ఒక గుంపుకు రోజూ బ్రష్షు. రెండో గుంపుకు మెత్తటి తిండి, బ్రష్షు లేదు. తోమని గుంపులో కొద్ది వారాల్లోనే చిగుళ్ళు వాచాయి. ఏళ్ళు గడిచేకొద్దీ చిగురు పన్నును వదిలింది, ఎక్స్‌రేల్లో ఎముక తరుగు కనిపించింది. తోమిన గుంపు నోళ్ళు నాలుగేళ్ళ తర్వాతా చెక్కుచెదరలేదు. 1975లో అచ్చయిన ఈ అధ్యయనం దంతవైద్య విద్యార్థులకు నేటికీ పాఠమే.

కుక్కను అడ్డం పెట్టుకుని మనిషి తన నోటి రహస్యం తెలుసుకున్నాడన్నమాట. ఆ రుణం తీర్చడానికి ఆట్టే కాలం పట్టలేదు. పరిశోధనశాలలో కుక్కకు బ్రష్షు పని చేసినప్పుడు ఇంట్లో ఎందుకు చేయదు అన్న ప్రశ్న పశువైద్యులకు వచ్చింది. 1976లో అమెరికాలో పశు దంతవైద్య సంఘం ఏర్పడింది. 1988లో దంతవైద్యంలో నిపుణులను తయారుచేసే కాలేజీ మొదలైంది. ఈ రంగానికి కాళ్ళొచ్చేలా చేసినవాళ్ళలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యుడు కాలిన్ హార్వీ ఒకడైతే, పీటర్ ఎమిలీ మరొకడు. ఎమిలీ మనుషులకు పళ్ళు కట్టే డాక్టరు, జంతువుల వైపు మళ్ళాడు. రోజుకోసారా, వారానికోసారా అన్న లెక్క కూడా మళ్ళీ బీగిళ్ళే తేల్చాయి. ఆరోగ్యమైన చిగుళ్ళను నిలబెట్టుకోవాలంటే వారానికి కనీసం మూడుసార్లు, వాపు మొదలైతే రోజూ తోమాలని 1986లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఈ లెక్కకు కుక్క లాలాజలమే మూలం. మనిషి లాలాజలం కంటే దానికి క్షార గుణం ఎక్కువ. అందువల్ల కుక్కలకు పుచ్చుపళ్ళు అరుదు. కానీ పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది. మెత్తగా ఉన్నప్పుడు తుడిస్తే పోయేది, గార కట్టాక బ్రష్షుకు లొంగదు. వారానికోసారి ఆదివారం పూట గట్టిగా తోమినా ఫలితం ఉండనిది ఇందుకే.

ఇక బజారు మేల్కొంది. కోడి, గొడ్డుమాంసం రుచుల పేస్టులు, వాటిలో క్రిములను అణిచే ఎంజైములు వచ్చాయి. అసలు పని చేసేది పోగుల రాపిడి. రుచి కుక్కను ఒప్పించడానికి వేసే లంచం. తమాషా ఏమిటంటే, మనిషి పేస్టు అమ్మే కోల్గేట్ కంపెనీకే కుక్కల తిండి చేసే హిల్స్ 1976 నుంచి సొంతం. పన్ను దిగబడేదాకా విరగకుండా ఉండేలా పీచుతో పెద్ద పెద్ద గింజలు చేసి, పళ్ళ కోసం ప్రత్యేక తిండిగా ఆ కంపెనీ అమ్ముతోంది. మిస్సోరిలో రోథెలీ దంపతులు తమ సమోయెడ్ కుక్క ఐవన్ నోటి కంపు భరించలేక బ్రష్షు ఆకారంలో పచ్చటి నములుడు ముక్క చేశారు. అదే గ్రీనీస్. 2006లో మార్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ప్రతివాడూ పళ్ళు తెల్లబడతాయనేసరికి ఎవరిని నమ్మాలో తెలియక 1997లో వీఓహెచ్‌సీ అనే మండలి పెట్టవలసి వచ్చింది. కంపెనీలు నిర్ణీత పద్ధతిలో చేసిన పరీక్షల ఫలితాలను పరిశీలించి, పాచిని లేదా గారను నిజంగా తగ్గించే సరుకుకే అది తన ముద్ర ఇస్తుంది. ఖరీదైన పొట్లం వెనక ఈ ముద్ర ఉందో లేదో చూసుకోవడం మంచిది.

మనిషి పేస్టు మాత్రం కుక్కకు పనికిరాదు. పుక్కిలించి ఉమ్మడం దానికి చేతకాదు, అంతా మింగుతుంది. ఫ్లోరైడ్ ఒక బాధైతే, కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ అంతకంటే ప్రమాదం. అది కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఎగదోస్తుందని జపాన్ పరిశోధకులు 1966లోనే చూపించారు. దానివల్ల రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. 2006లో అమెరికా పశువైద్య పత్రికలో, జైలిటాల్ తిని కాలేయం దెబ్బతిన్న 8 కుక్కల కేసులు అచ్చయ్యాయి.

మన దగ్గర ఇంకో నమ్మకం బలంగా ఉంది. ఆదివారం మటన్ బొమికలు వేస్తే చాలు, పళ్ళు వాటంతటవే బాగుంటాయని. కొంత గార రాలుతుందేమో గానీ, గట్టి ఎముక కొరికి పై దవడలోని పెద్ద పన్ను పెచ్చులా లేచిపోయిన కుక్కలు పశువైద్యుల దగ్గరికి తరచూ వస్తుంటాయి. బొటనవేలి గోరుతో నొక్కితే దిగని వస్తువు కుక్క పంటికి వద్దంటారు వాళ్ళు. మత్తు లేకుండా పైపైన గార గీకి పంపడం కూడా కంటికి మెరుపే తప్ప వైద్యం కాదు. జబ్బు ఉండేది చిగురు లోపల. అక్కడ శుభ్రం చేసి, ఎక్స్‌రే తీయాలంటే మత్తు ఇవ్వక తప్పదు. అమెరికాలో కుక్కను పెంచే తెలుగువాళ్ళు ఒక్కసారి ఈ పనికి వందల డాలర్ల బిల్లు కట్టాక బ్రష్షు విలువ ఇట్టే గ్రహిస్తారు.

తోమే పని మరీ పెద్దదేం కాదు. మొదటి కొన్ని రోజులు బ్రష్షే వద్దు. వేలికి పేస్టు రాసి నాకనిచ్చి, తర్వాత పెదవి కింద వేలు పోనిచ్చి చిగుళ్ళు తాకాలి. నోరు బలవంతంగా తెరవక్కర్లేదు. మూతి మూసి ఉండగానే బుగ్గ పక్కకు ఎత్తి, చిగురూ పన్నూ కలిసే చోట బ్రష్షును ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. పై దవడ వెనక వైపు పెద్ద పళ్ళతో మొదలుపెట్టాలి. లాలాజలం గ్రంథి అక్కడే తెరుచుకుంటుంది కాబట్టి గార ముందు వాటికే పడుతుంది. లోపలి వైపును చాలావరకు నాలుకే చూసుకుంటుంది. ఒక్కో పక్కకు అర నిమిషం చాలు. పొమెరేనియన్‌లాంటి చిన్న జాతులకు ఇరుకు దవడలో పళ్ళు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఈ అలవాటు పిల్లప్పుడే మొదలవ్వాలి. నాలుగు నుంచి ఏడు నెలల మధ్య పాలపళ్ళు ఊడేటప్పుడు మాత్రం చిగుళ్ళు సలుపుతుంటాయి. ఆ రోజుల్లో బ్రష్షు పక్కనపెట్టి, తడి గుడ్డతో సుతారంగా తుడిస్తే సరిపోతుంది.