పగ్గాలు ఎవరి చేతిలో?

2020 లాక్‌డౌన్‌లో భద్రాచలం దగ్గర మా ఊరి నుంచే ఆఫీసు పని చేశాను. మధ్యలో ఛార్జర్ కాలిపోతే ఖమ్మం నుంచి ఇంకోటి తెప్పించాను. ఆ రోజు నుంచీ 2.4 గిగాహెర్ట్జ్‌తో నడవాల్సిన నా పాత లాప్‌టాప్ 800 మెగాహెర్ట్జ్ దాటలేదు. మా ఎండల సంగతి తెలిసిందే కదా, వేడెక్కిందేమో అనుకున్నా. తెల్లవారుజామునా అదే వరస. ఉష్ణోగ్రత చూస్తే మామూలుగానే ఉంది.

లినక్స్‌లో ప్రాసెసర్ ఎంత వేగంతో నడవాలో నిర్ణయించే భాగాన్ని గవర్నర్ అంటారు. ఆ పేరు ఆవిరియంత్రాల నాటిది. 1788లో జేమ్స్ వాట్ తన ఇంజన్ వేగం అదుపులో ఉంచడానికి బిగించిన, గుండ్రంగా తిరిగే రెండు గుండ్ల పరికరం గవర్నరే. మా పక్క పాల్వంచ థర్మల్ కేంద్రంలో టర్బైన్లను గ్రిడ్ 50 హెర్ట్జ్‌కి తగ్గట్టు నడిపించేదీ గవర్నరే. నా గవర్నర్‌కి పూర్తి వేగం ఇమ్మని చెప్పి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కారణం చరిత్రలో ఉంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతిలో కరెంటు పొదుపు చాలావరకు బయోస్ ఇష్టం. ఏం చేస్తోందో ఆపరేటింగ్ సిస్టమ్‌కి సరిగా తెలిసేది కాదు. 1996 డిసెంబరులో ఈ రెండు సంస్థలూ తోషిబాతో కలిసి ఏసీపీఐ ప్రకటించాయి. ఇక నిర్ణయాలు ఆపరేటింగ్ సిస్టమ్‌వి. 2000లో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ వచ్చింది. వేగంతోపాటు వోల్టేజీనీ తగ్గించడం దాని కిటుకు. విద్యుత్ వాడకం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక ఆదా బాగానే ఉంటుంది.

అయితే ఏయే వేగాలున్నాయో జాబితా రాసిచ్చేది మాత్రం ఇప్పటికీ ఫర్మ్‌వేరే. అందులో ఎక్కడిదాకా వెళ్లొచ్చో గీత గీసేదీ అదే. అధికారం బదిలీ అయింది, వీటో మిగిలింది.

చివరికి ‘బయోస్_లిమిట్’ అనే ఫైలు తెరిచి చూస్తే 800000 అని కనిపించింది. కిలోహెర్ట్జ్‌లలో అన్నమాట. కొత్త ఛార్జర్‌ని ఫర్మ్‌వేర్ గుర్తుపట్టలేదు, అది సరిపడా కరెంటు ఇవ్వలేదేమోనని వేగం కట్టేసింది. కంపెనీ ఛార్జర్ తెప్పించి పెట్టగానే వేగం తిరిగొచ్చింది.

ఆ గీతను పట్టించుకోవద్దని కెర్నెల్‌కి చెప్పే వీలుంది. నేను చెప్పలేదు. ఫర్మ్‌వేర్ భయం నిజమే కావచ్చు, నాసిరకం ఛార్జర్ మీద పూర్తి భారం పడితే అదీ కాలిపోవచ్చు. ఆపినందుకు నాకు కోపం లేదు. ఎందుకు ఆపిందో తెరమీద ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు వారం రోజులు మిగిలేవి.