అప్ప మోటు మాటా?

మా భావనపాడు వైపు చాలా ఇళ్లల్లో అక్కని ‘అప్ప’ అంటారు. మోటుగా ఉందని ఇప్పటి అమ్మలు పిల్లల చేత మానిపిస్తున్నారు. కానీ ఈ పిలుపు చరిత్ర చిన్నది కాదండీ. తమిళంలో, కన్నడంలో అప్ప అంటే నాన్న. వెంకటప్ప, తిమ్మప్ప వంటి పేర్ల చివర అదే గౌరవం. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో తండ్రి అన్న అర్థంతో పాటు అక్క అన్న అర్థమూ ఉంది. సరిహద్దు దాటితే ఒడియా వాళ్లకీ అక్క ‘అపా’యే.

తండ్రికీ అక్కకీ ఒకటే మాట! అమ్మ చేపల బుట్టతో సంతకెళ్తే చంటివాణ్ని చంకనేసుకుని, మిగతావాళ్లకి అన్నం పెట్టింది అప్పే కదా. ఆ పెద్దరికాన్ని పిలిచే మాట మోటెలా అవుతుంది? ఈసారి మీ అక్కకి ఫోన్ చేస్తే నోరారా ‘అప్పా’ అనండి, పిల్లలు వినేలా.