నల్లమడ వృక్షం, దాని సహజ విస్తృతి: అనంతపురం మెట్ట నుండి ఒక వివరణ

అనంతపురం: నల్లమడ అనగానే పూర్వపు అనంతపురం జిల్లాలోని నల్లమాడ మండలం స్ఫురించడం సహజం. 2022 ఏప్రిల్ నుండి ఆ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ మెట్టలో నల్లమడ వృక్షం పెరగదు. వార్తారచనలో ఒక్క దీర్ఘం జారినా చెట్టు ఊరవుతుంది, ఊరు చెట్టవుతుంది.

నల్లమడ శాస్త్రీయ నామం అవిసీనియా అఫిసినాలిస్. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులో పారశీక వైద్యుడు ఇబ్న్ సినా స్మరణ ఉన్నది. ప్రస్తుత వర్గీకరణలో ఇది అకాంథేసి కుటుంబానికి చెందుతుంది. అనగా దగ్గు మందుగా మెట్టవాసులెరిగిన అడ్డసరానికి దాయాది.

భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ తీరాల నుండి ఆగ్నేయాసియా మీదుగా న్యూగినీ వరకు ఇది సహజంగా వ్యాపించి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాలు దీని ప్రధాన ఆవాసాలు. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు.

గాలి చొరని బురదలో వేళ్లు ఊపిరి తీసుకొనేందుకు పెన్సిళ్లవలె నేలపైకి పొడుచుకువస్తాయి. ఆకులలోని గ్రంథులు అదనపు ఉప్పును వెలికి నెట్టివేస్తాయి. విత్తనం చెట్టుపై కాయలోనే మొలకెత్తి, రాలిన పిదప పోటునీటిలో తేలిపోయి అనువైన చోట నాటుకొంటుంది. ఈ జీవనమంతయు ఆటుపోట్లతో ముడిపడినది. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే ఆధారమైన అనంతపురంలో, చౌడు భూములున్నవి కదా అని మడ నాటడం వృథాప్రయాస.

అయినను ఈ పీఠభూమికి, మడ అడవులకు నీటి బంధం ఉన్నది. జిల్లాలో ప్రవహించే వేదవతి తుంగభద్రలోను, తుంగభద్ర కృష్ణలోను కలుస్తాయి. ఉప్పును ఓర్చుకొన్నప్పటికీ నల్లమడ ఏపుగా పెరిగేది నదీజలం కలిసి ఉప్పు పలుచబడిన చోటనే. ఎగువన నీరు నిలిచేకొలది దిగువకు మంచినీరు, ఒండ్రు తగ్గుతాయి. అట్లని కరవు సీమ రైతు చెరువు నింపుకొనుటను తప్పుపట్టలేము.

తీరంలోని నష్టానికి కారణాలు వేరు: వంటచెరకు కోసం నరికివేత, పశువుల మేత, రొయ్యల చెరువులు. 1991 తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనతో మడ అడవులకు రక్షణ లభించింది. తీరంలోని రొయ్యల చెరువులపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది.

నరికిన చోట నేల కుంగి, పోటునీరు నిలిచి ఆవిరై, ఉప్పు పేరుకొంటుంది. అట్టిచోట మొక్క నాటినంత మాత్రాన బ్రతకదు. అందువలన అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గ్రామస్థులతో కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వించి, నీరు వచ్చిపోయే ఏర్పాటు చేసిన పిమ్మటనే కాలువ గట్ల వాలున మొక్కలు నాటించినవి.