రాయచూరు విజేత లోహమూర్తి

రాయచూరు కోటగోడలో 1294వ సంవత్సరపు తెలుగు శాసన మొకటి కలదు. సుమారు 41 అడుగుల పొడవుగల ఏకశిలపై దానిని చెక్కించిరి. గోన గన్నారెడ్డి సేనానియగు విఠలనాథుడు ఈ దుర్గమును కట్టించెనని అది తెలుపుచున్నది. తరువాత 1520లో ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి, ఈ కోటను వశపరచుకొన్నవాడు శ్రీకృష్ణదేవరాయలు. ఆ విజేత రూపమును ఆయన కాలపు లోహములోనే చూడగోరువారు మాత్రము తిరుమలకు పోవలసియుండును.

తిరుమల ఆలయమున మహాద్వారము దాటినంతనే, ప్రతిమా మండపమున, తిరుమలదేవి చిన్నాదేవులతో గూడిన రాయల లోహప్రతిమ దర్శన మిచ్చును. రాయలు 1517 జనవరి 2వ తేదీన తిరుమలకు వచ్చినప్పుడు ఈ ప్రతిమలను ప్రతిష్ఠించెనని చరిత్రకారులు చెప్పుదురు. రాజు శిరస్సుపై పొడవైన కుళ్లాయి యున్నది. మువ్వురును చేతులు జోడించి నిలిచియున్నారు.

ఆ కాలముననే ఇటలీ దేశమున గూడ ప్రభువుల ముఖములను కంచుతో పోతపోయుట గొప్ప కళగా వర్ధిల్లెను. 1438 ప్రాంతమున పిసానెల్లో అను శిల్పి బైజాంటియం చక్రవర్తి ఎనిమిదవ జాన్ ముఖముతో ఒక పతకమును చేసెను. అది మొదలు ఇటలీ ప్రభువులు తమ ముఖము ఒకవైపున, తమ చిహ్నము వేరొకవైపున గల పతకములను చేయించి, మిత్రులకు కానుకలుగా పంపిరి. చేతిలో ఇమిడెడి ఆ కంచుబిళ్ల ప్రభువు కీర్తిని దేశదేశములకు మోసికొనిపోయెను.

రాయల పద్ధతి వేరు. చేతులు మారుచు లోకమంతట తిరుగునది నాణెము. దానిపై ఆయన తన ముఖమును వేయింపలేదు. ఆయన బంగారు నాణెములపై ఒకవైపున బాలకృష్ణుడు, రెండవవైపున నాగరిలిపిలో రాయల నామము కానవచ్చును. తన రూపమును లోహమున నిలిపినచోట అది లోకము నేలెడి ప్రభువు రూపము కాదు; దేవుని యెదుట నిలిచిన భక్తుని రూపము.

ఈ భేదమును రాయచూరు యుద్ధము మరింత స్పష్టము చేయుచున్నది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినదానినిబట్టి, క్రిష్టోవాఁవ్ ద ఫిగేరెదు అను పోర్చుగీసువాని తుపాకిదళము కోట ముట్టడిలో రాయలకు తోడ్పడెను. పట్టణము లొంగిన పిమ్మట రాయలు ప్రజలను దోపిడి నుండి కాపాడెను. కాని ఆదిల్‌షా తన పాదమును ముద్దిడినగాని పోయిన భూములను తిరిగి ఈయనని షరతు పెట్టెను. అందుకై ముద్గల్లు వరకు పోగా, ఆదిల్‌షా రానేలేదు. ఆ పంతము విజాపురముపై దండయాత్రకు దారితీసెను.

శత్రువు తన పాదములకు వంగవలెనని కోరిన ఈ రాజే 1521 ఫిబ్రవరిలో మరల తిరుమలకు పోయి కానుకలు సమర్పించెను. అప్పటికే అచ్చట ఆయన ప్రతిమ చేతులు జోడించియున్నది. దర్పమును, వినయమును ఒక్క మనుజునివే. నేడు మన కూడళ్లలోని విగ్రహములు ఖడ్గధారియైన రాయలను చూపుచున్నవి. అది అసత్యము కాదు. రాయచూరు అందుకు సాక్షి. కాని తాను ఎట్లు స్మరింపబడవలెనని ఆయన కోరెనో ఆ అంజలియే చెప్పుచున్నది. ఈ రెండింటిని కలిపి చూచినప్పుడే రాయలు మనకు పూర్తిగా తెలియును.