ఎల్బీ నగర్ నుంచి ట్రంప్ అవెన్యూ దాకా

మెట్రో బోర్డుల మీద రెండక్షరాలుగా మిగిలిపోయిన ఎల్బీ నగర్ అసలు పేరు లాల్ బహదూర్ నగర్. ఆ పేరు వెనకున్న మనిషికీ ఒక అమెరికా అధ్యక్షుడికీ నడిచిన కథ మా ఏరియాలో పెద్దగా ఎవరికీ గుర్తులేదు. 1965 ఏప్రిల్లో, శాస్త్రి వాషింగ్టన్ ప్రయాణం ఖాయమయ్యాక, లిండన్ జాన్సన్ ఇప్పుడు కాదు తర్వాత రమ్మని వాయిదా వేశాడు. ఆ రోజుల్లో మన దేశం పీఎల్-480 కింద వచ్చే అమెరికా గోధుమల మీద బతుకుతోంది. జాన్సన్ ఆ గోధుమల్ని కూడా ఒకేసారి ఒప్పుకోకుండా కొంచెం కొంచెంగా వదిలాడు. శాస్త్రి జనాన్ని వారానికొక పూట భోజనం మానమని అడిగాడు. 'జై జవాన్ జై కిసాన్' అప్పటి మాటే.

ఇప్పుడు 2025 డిసెంబరుకి రండి. నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకి 'డోనాల్డ్ ట్రంప్ అవెన్యూ' అని పేరు పెట్టాలని రేవంత్ రెడ్డి ప్రభుత్వం ప్రతిపాదించింది. గ్లోబల్ సమ్మిట్ ముందు పెట్టుబడిదారులకు చేసిన పలకరింపు అది. దానికి బీజేపీ నుంచి కేంద్రమంత్రి బండి సంజయ్ ఏమన్నాడు? పేర్లు మార్చాలనుంటే ముందు హైదరాబాద్‌ను భాగ్యనగర్ చేయమన్నాడు. ట్రంప్ సంగతి అక్కడితో పక్కకి పోయింది.

మూణ్ణెల్ల ముందే, సెప్టెంబరు 19న, ఇదే ట్రంప్ కొత్త హెచ్1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. అంటే దాదాపు 88 లక్షల రూపాయలు. దిల్‌సుఖ్‌నగర్లో ఆ డబ్బుకి ఏమేం వస్తాయో లెక్కేయడం మాకు కొత్త కాదు. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, కన్సల్టెన్సీలు నడిచేదే ఆ లెక్క మీద. ఆ ఫీజు అప్పటికే వీసా ఉన్నవాళ్ళకి వర్తించదని మర్నాడు అమెరికా వివరణ ఇచ్చేదాకా మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిద్రపోలేదు. రేవంత్ రెడ్డి దిగ్భ్రాంతి వ్యక్తం చేసి, కేంద్రం వెంటనే కదలాలన్నాడు. రాహుల్ గాంధీ బలహీనమైన ప్రధాని అని మోదీని విమర్శించాడు. అదే పార్టీ ప్రభుత్వం డిసెంబరులో ట్రంప్ పేరు మీద రోడ్డు అంది. 2019లో హ్యూస్టన్‌లో 'హౌడీ మోదీ', 2020లో అహ్మదాబాద్‌లో 'నమస్తే ట్రంప్' చేసిన పార్టీ మాటలు తడుముకుంది.

ఇదంతా చూసి మా తరంవాళ్ళు ఒకే మాట అంటారు: అందరూ ఒకటే. నాకు ఆ మాట మీద పేచీ ఉంది. అది సగమే నిజం. మిగతా సగం కోసం కొంచెం వెనక్కి పోవాలి.

2000 మార్చి 24న బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చాడు. రెండేళ్ళ ముందు పోఖ్రాన్ పరీక్షలకి మన మీద ఆంక్షలు పెట్టిందీ ఆయనే. కేంద్రంలో వాజ్‌పేయి, ఇక్కడ ఆయనకి బయటినుంచి మద్దతిస్తున్న చంద్రబాబు. క్లింటన్ హైటెక్ సిటీలో మాట్లాడాడు. ఆయన వస్తున్నాడని బిచ్చగాళ్ళని రోడ్ల మీంచి తీసేశారు. వామపక్షాలు నిరసన తెలిపాయి. అప్పటికి నాకు పదేళ్ళు కూడా లేవు గానీ, కంప్యూటర్ అనే మాట మా ఇంట్లో దేవుడి గదిలోకి చేరింది ఆ సంవత్సరమే.

ఐదు నెలల తర్వాత, ఆగస్టు 28న, కరెంటు చార్జీల పెంపు మీద అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ పెంపు వెనక ప్రపంచ బ్యాంకు అప్పుతో వచ్చిన విద్యుత్ సంస్కరణలున్నాయి. ఆ పోరాటంలో వామపక్షాలతో పాటు కాంగ్రెస్ కూడా ఉంది. 2004లో ఉచిత కరెంటు హామీతో గెలిచిందీ కాంగ్రెస్సే.

2006 మార్చి 3న జార్జ్ బుష్ వచ్చాడు. ముందు రోజు ఢిల్లీలో మన్మోహన్‌తో అణు ఒప్పందం మీద అవగాహన కుదిరింది. ఇక్కడ రాజేంద్రనగర్లోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతుల్ని, పొదుపు సంఘాల మహిళల్ని కలిశాడు. ఐఎస్‌బీలో యువ వ్యాపారులతో మాట్లాడాడు. హైదరాబాద్‌లో కాన్సులేట్ వస్తుందన్నాడు. ఇరాక్ యుద్ధం మీద పాతబస్తీలో దుకాణాలు మూతబడ్డాయి. ఢిల్లీలో యూపీఏని నిలబెడుతున్న కమ్యూనిస్టులు ఇక్కడ వీధుల్లో నల్లజెండాలు పట్టుకున్నారు. నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్లో ఇంటర్ చదువుతున్నా. యుద్ధం గురించి మా క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఇక వీసా కోసం చెన్నై పోనక్కర్లేదన్నదే వార్త.

అయితే నాకు ఆ సంవత్సరంలో ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. బుష్‌కి ఎర్ర తివాచీ పరిచిన అదే వైఎస్ ప్రభుత్వం, ఆయన రావడానికి రెండు నెలల ముందు, జనవరిలో, బీటీ పత్తి విత్తనాల మీద రాయల్టీ అన్యాయమని మహికో-మోన్సాంటో మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. 450 గ్రాముల ప్యాకెట్ అప్పుడు 1,850 రూపాయల దాకా ఉండేది. అందులో పెద్ద భాగం రాయల్టీనే. మే 11న కమిషన్ తగ్గించమంది. రాష్ట్రం ప్యాకెట్ ధరని 750కి కట్టేసింది. మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అధ్యక్షుడితో ఫొటో, అతని దేశపు కంపెనీతో వ్యాజ్యం, రెండూ ఒకే ప్రభుత్వం ఒకే సీజన్‌లో చేసింది. ఫొటో అందరికీ గుర్తుంది. వ్యాజ్యం వల్ల వరంగల్, గుంటూరు పత్తి రైతుకి ప్యాకెట్‌కి వెయ్యి రూపాయలు మిగిలాయి.

2008 జులై 22న అణు ఒప్పందం మీద విశ్వాస పరీక్ష. యూపీఏ 275-256తో గట్టెక్కింది. క్లింటన్‌ని ఆహ్వానించిన తెలుగుదేశం ఇప్పుడు ఎర్రజెండాల పక్కన నిలబడింది. క్లింటన్ కాలపు పాలకపక్షం బీజేపీ కూడా వ్యతిరేకంగానే వేసింది. తెలుగుదేశం విప్‌ని కాదని మందా జగన్నాథం, ఆదికేశవులు నాయుడు ప్రభుత్వం వైపు వేశారు. ఒప్పందంలో మన వాటాగా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకి అమెరికా రియాక్టర్లు రావాలి. 2016లో ఒబామా, మోదీ ఉమ్మడి ప్రకటనలో కూడా వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల మాట ఉంది. అంత గొడవ జరిగి ఇన్నేళ్ళయినా అక్కడ ఒక్క రియాక్టర్ లేవలేదు. వాటి కోసం ఊళ్ళు ఖాళీ చేయాల్సినవాళ్ళు మాత్రం ఎటూ కాకుండా ఉండిపోయారు.

ఈ వరస చూస్తే అధ్యక్షుడి విధానానికీ మన పార్టీల స్పందనకీ సంబంధం తక్కువ. ఎవరు ఏ కుర్చీలో ఉన్నారన్నదే స్పందనని నిర్ణయిస్తోంది. అధికారంలో ఉంటే అధ్యక్షుడు అతిథి, ప్రతిపక్షంలో ఉంటే సామ్రాజ్యవాది. ఈ పాతికేళ్ళలో క్లింటన్‌నీ, బుష్‌నీ, అణు ఒప్పందాన్నీ మూడింటినీ ఒకేలా వ్యతిరేకించింది కమ్యూనిస్టులే. ఆ నిలకడకి వాళ్ళకి ఓట్లు పెరగలేదు, ఇంకా తగ్గాయి. విదేశాంగం రాజ్యాంగం ప్రకారం కేంద్రం పని కాబట్టి, రాష్ట్ర పార్టీల మాటలకి పెద్ద ఖర్చు లేదు. ఖర్చు లేని మాట ఎటైనా తిరుగుతుంది.

అందుకే నేను మాటల్ని వదిలేసి కాగితాలు చూడమంటాను. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులు చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం అప్పట్లో రష్యా చమురు కొంటున్నందుకు వేసిన శిక్ష. రొయ్యలకి పాత యాంటీ డంపింగ్ సుంకాలు అదనం. భీమవరం చెరువు గట్టు మీది రైతుకి అది సామ్రాజ్యవాద చర్చ కాదు, కౌంట్‌కి పడిపోయిన రేటు. చంద్రబాబు ఆక్వా రైతుల్ని ఆదుకోమని కేంద్రానికి లేఖ రాశాడు. మోదీ ప్రభుత్వానికి ఊపిరిపోస్తున్న ఎంపీలు ఆయన దగ్గరున్నారు. ఆ లేఖ తర్వాత ఏ బ్యాంకు వడ్డీ తగ్గింది, ఏ కొత్త మార్కెట్ తెరుచుకుంది, మేత ధర ఎంత దిగింది అన్నదే అడగాలి. హెచ్1బి సంగతీ అంతే. వెనక్కొచ్చే పిల్లలకి ఇక్కడ ఏముందో అడగాలి.

అందరూ ఒకటే అనేస్తే ఈ ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది. నాయకులకి అంతకంటే సుఖమైన మాట ఇంకొకటి లేదు. 2006 జనవరిలో ఎవరో ఒక అధికారి ఆ ఫిర్యాదు డ్రాఫ్ట్ చేసి, ఎవరో ఒక మంత్రి దాని మీద సంతకం పెట్టి ఉంటారు. ఆ రెండు పేర్లూ ఏ రోడ్డుకీ లేవు.